గోపాల్‌పూర్ కెరటాలకి 6 అడుగుల 4 అంగుళాల సర్ఫ్‌బోర్డు: తోక ఎలా కొయ్యాలి?

సోనాపూర్_కెరటం

అందరికీ నమస్కారం. సర్ఫ్‌బోర్డు చెక్కడానికి బ్లాంకు (ఇంకా చెక్కని నురుగు దిమ్మ) తయారుగా ఉంది, తోక దగ్గరే తేలడం లేదు. కొలతలు ఇవి: ఈపీఎస్ (తర్మాకోల్ జాతి నురుగు) బ్లాంకు, మధ్యలో పొడవునా 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ స్ట్రింగరు (నిలువు బద్ద). పొడవు 6 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు ఇరవైన్నర, మందం 2 5/8 అంగుళాలు. లెక్కేస్తే సుమారు 36 లీటర్లు వస్తోంది. ఎక్కే మనిషి బరువు 72 కిలోలు. కెరటం మీద అడ్డంగా పోవడం, బాటమ్ టర్ను (కెరటం అడుగున మలుపు) వచ్చు. కట్‌బ్యాక్ (కెరటం విరిగే వైపుకి వెనక్కి తిరగడం) ఇంకా కుదరలేదు. ఎక్కువగా గోపాల్‌పూర్ లైట్‌హౌస్ ముందు, వీలైతే బాహుదా మొగ దగ్గర వాడాలి.

ఇప్పటికి గీసింది స్వాలో టెయిల్ (పిట్ట తోకలా రెండుగా చీలినది). కొనల మధ్య 9 అంగుళాలు, చీలిక లోతు 4 అంగుళాలు, అడుగున మూడు ఫిన్లు (బోర్డుకి దారి నిలిపే రెక్కలు). రంపం ఇంకా ముట్టుకోలేదు. తిట్టేదేమన్నా ఉంటే ఇప్పుడే తిట్టండి.

ఫిన్నుల_పంతులు

తిట్టాల్సింది ఒకటే ఉంది తమ్ముడూ, అదీ పెద్దదే. మూడు ఫిన్ల అమరికలో వెనక ఫిన్ను చివరి అంచు తోక కొస నుంచి మూడున్నర అంగుళాల దగ్గరికి వస్తుంది. నువ్వు గీసిన చీలిక 4 అంగుళాలు లోపలికి వెళ్ళింది. ఫిన్ను బిగించే బాక్సు దించాల్సిన చోట నురుగే లేదు.

దీనికి మూడు దారులున్నాయి. చీలికని ఒకటిన్నర అంగుళానికి తగ్గించు, మూడు ఫిన్లూ ఉండనీ. లేదంటే చీలిక అలాగే ఉంచి నాలుగు ఫిన్లకి మారు. వెనక జంట అంచుల వైపు జరుగుతుంది కాబట్టి చీలికతో గొడవ ఉండదు. చివరి అంచు తోక నుంచి అయిదున్నర, పక్క అంచు నుంచి 1 3/4 దగ్గర మొదలుపెట్టొచ్చు. మూడోది, వెనక ఫిన్నునే ముందుకి జరపడం. అది వద్దు. ముందు ఫిన్లకీ దానికీ మధ్య ఎడం తగ్గితే బోర్డు బొంగరంలా తిరుగుతుంది గానీ కాలితో తొక్కినప్పుడు ముందుకి దూకదు.

అసలు లోతు చీలిక వచ్చింది ఫిష్ అనే పొట్టి బోర్డు నుంచి. 1967లో శాన్ డియేగోలో స్టీవ్ లిస్ మోకాళ్ళ మీద తొక్కే పొట్టి బోర్డుకి ఆ తోక పెట్టాడు. రెండే ఫిన్లు, అడుగు భాగం పొడుగ్గా ఉండే కీల్ రకం, అంచులకి దగ్గరగా. మధ్యలో ఫిన్ను లేదు కాబట్టి చీలిక ఎంత లోతైనా చెల్లింది. మూడు ఫిన్ల అమరిక ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్‌ది. 1981లో బెల్స్ బీచ్ పోటీ దాంతోనే గెలిచాడు. అతని బోర్డుకి ఉన్నది వెడల్పాటి స్క్వాష్ తోక (కొస అడ్డంగా కోసినట్టు, రెండు మూలలతో ఉండేది). నువ్వు రెండింటినీ ఒకే బోర్డు మీద కట్టబోతున్నావు.

బారువ_తీరం

ఏటి పంతులు గారూ, స్వాలో అనగానే కత్తి తీసీసేరు! కార్తీకం దాటితే ఇక్కడ కెరటాలు నడుం ఎత్తు కూడా ఉండవు, మెత్తగా ఉంటాయి. అలాంటి నీటి మీద సన్న తోక కూరుకుపోద్ది. వెడల్పు తోక ఉంటేనే లేస్తాది. నాలుగు ఫిన్లు పెట్టి స్వాలో ఉంచమనే నా మాట. తోక కొస నుంచి 12 అంగుళాల దగ్గర వెడల్పు 16 ఉండాల.

ఫిన్నుల_పంతులు

శీతాకాలం సంగతి ఒప్పుకుంటాను బావా. కానీ అతను రాసిన చోటు చూడు. గోపాల్‌పూర్‌లో ఒడ్డు ఏటవాలు ఎక్కువ. పోటు మీద కెరటం లోతు నీళ్ళలోంచి వచ్చి ఒడ్డు దగ్గర ఒక్కసారిగా నిటారుగా లేచి కూలుతుంది. వర్షాకాలపు దక్షిణపు కెరటానికి ఇది ఇంకా ముదురుతుంది. అలాంటి నిటారు ముఖం మీద 16 అంగుళాల తోకని నీరు కిందనుంచి ఎత్తేస్తుంది; పక్క అంచు నీట్లోకి దిగదు, బోర్డు పక్కకి జారి మనిషి ముక్కు మీద పడతాడు. మెత్తటి కెరటం మీద లాభమిచ్చిన ఆ ఎత్తుడే ఇక్కడ నష్టం.

తోక పేరు ఆఖరున చూసుకోవాల్సింది. ముందు మూడు అంకెలు తేల్చుకోవాలి.

మొదటిది, తోక కొస నుంచి 12 అంగుళాల దగ్గర వెడల్పు. 72 కిలోలకి, ఈ పొడవుకి, 14న్నర నుంచి 15 మధ్య. పదిహేను దాటిందంటే పట్టు తగ్గుతూ పోతుంది, 14కి దిగితే చిన్న కెరటం మీద తెడ్డు వేసీ వేసీ చేతులు పడిపోతాయి.

రెండోది తోక వంపు. బోర్డుని బోర్లా పెట్టి, అడుగు మధ్యలో తిన్నని బద్ద ఆనించి, తోక కొస దగ్గర బద్దకీ నురుగుకీ మధ్య ఎడం కొలువు. 2 1/4 నుంచి 2న్నర దాకా ఉండాలి. 12 అంగుళాల దగ్గర అదే ఎడం ముప్పావు నుంచి అంగుళం. ఈ రెండో కొలతని చాలామంది వదిలేస్తారు. కొస దగ్గర 2 3/8 ఉన్నా ఆ వంపంతా ఆఖరి ఆరు అంగుళాల్లోనే విరిచేస్తే తోక నీటిని తోసుకుంటూ బ్రేకు వేసినట్టు ఆగుతుంది. వంపు ఫిన్ల ముందు నుంచే మొదలై మెల్లగా పెరగాలి.

మూడోది, ఫిన్లకి వెనక మిగిలే వైశాల్యం. 12 అంగుళాల దగ్గర వెడల్పు ఒకటే అయినా స్క్వాష్‌కి వెనక ఎక్కువ నురుగు మిగులుతుంది, గుండ్రటి రౌండ్‌కి తక్కువ, మొనదేలిన పిన్‌కి ఇంకా తక్కువ. మిగిలిన నురుగు వెనక కాలిని మోస్తుంది. పేర్ల మధ్య తేడా చాలావరకు ఇక్కడే.

పెంటకోట_అలలు

స్క్వాష్ మూలలు నీటిని విడుస్తాయి, రౌండ్ తోక నీటిని పట్టుకుంటుంది అంటారు కదా, అది నిజమేనా? పూరీలో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

ఫిన్నుల_పంతులు

నిజమే. వంపు ఉన్న చోట నీరు ఆ వంపునే అంటుకుని తిరుగుతుంది, మూల తగిలిన చోట తెగిపోతుంది. రౌండ్ తోకలో గీత ఎక్కడా తెగదు కాబట్టి మలుపు ఒకే ఊపులో సాగుతుంది, నిటారు కెరటం మీద తోక జారదు. స్క్వాష్ మూల దగ్గర నీరు విడిపోతుంది కాబట్టి మలుపు చివర్లో తోకని తన్నడం సులువు. స్వాలోలో రెండు కొనలున్నాయి. మొగ్గిన వైపు కొన సన్న పిన్‌లా దిగుతుంది. అయితే మూల పదును, కింది అంచు పదును రెండూ కలిసుంటేనే ఇదంతా. అడుగు అంచు గుండ్రంగా వదిలేస్తే స్క్వాష్ అయినా రౌండ్ అయినా ఒకటే, నీరు పైకి ఎక్కి తోకని లాగుతుంది. ఆఖరి 14 అంగుళాలు అంచు కింద గోరుకి తగిలేంత పదును ఉండాలి. అక్కణ్ణుంచి ముందుకి మెల్లగా మెత్తబడాలి.

సోనాపూర్_కెరటం

పంతులు గారూ, మరి ఒకే బోర్డు రెండు కాలాలకీ కావాలంటే?

ఫిన్నుల_పంతులు

మూలలు గుండ్రం చేసిన స్క్వాష్. 12 అంగుళాల దగ్గర 14 3/4. కట్‌బ్యాక్ నేర్చుకునేవాడికి వెనక కాలు కింద కాస్త నురుగు ఉండటమే మంచిది. పూర్తిగా వర్షాకాలానికే అయితే రౌండ్ చెప్పేవాణ్ణి.

బారువ_తీరం

14 3/4 అంటే సలికాలంలో మాతో పాటు బేగి లేవడు. అయినా ఒక్క బోర్డే అన్నాడు గాబట్టి ఊరుకుంటన్నాను. ఫిష్ వేరేగా చేసుకో తమ్ముడూ, 5 అడుగుల 8 అంగుళాలు సాలు. కీల్ ఫిన్లు కొనల నుంచి ఆరు అంగుళాల పైన పెట్టుకో.

గీత_స్కేలు

తోక తేలింది కాబట్టి గీతకి వద్దాం. బ్లాంకు మీద నేరుగా గీయకండి. 4 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలక మీద సగం టెంప్లేట్ కోసుకుంటే రెండు వైపులా అదే తిప్పి గీయొచ్చు, ఎడమ కుడి తేడా రాదు. కంప్యూటర్ అలవాటు ఉంటే బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ బోర్డ్‌క్యాడ్ ఉచితం, అసలు సైజులో అచ్చు తీసి అతికించుకోవచ్చు. లేనివాళ్ళు ఈ చుక్కలు పెట్టుకోండి. దూరం తోక కొస నుంచి, వెడల్పు మధ్య గీత నుంచి ఒక పక్కకి, అన్నీ అంగుళాల్లో:

కొస దగ్గర 2 3/4
3 దగ్గర 4 3/8
6 దగ్గర 5 5/8
12 దగ్గర 7 3/8
18 దగ్గర 8 5/8
24 దగ్గర 9 3/8
37 దగ్గర 10 1/4, ఇదే అన్నిటికన్నా వెడల్పు చోటు

చుక్కల దగ్గర సన్న మేకులు కొట్టి, ముడులు లేని సన్న కర్రబద్ద గానీ పీవీసీ పట్టీ గానీ వంచి ఆనించండి. బద్ద ఏ మేకుకైనా అందకపోతే బద్దని నొక్కకండి, మేకునే 1/16 కదపండి. వంపులో సాఫీతనం ముఖ్యం, చుక్క కాదు. తర్వాత టెంప్లేట్‌ని కంటి ఎత్తుకి ఎత్తి ఒక కన్ను మూసి కొస నుంచి చూడండి. పై నుంచి కనపడని బొడిపె అలా చూస్తే ఇట్టే దొరుకుతుంది. ఎక్కువగా తోక నుంచి 8, 10 అంగుళాల మధ్య వస్తుంది, ఎందుకంటే అక్కడే వంపు తీరు మారుతుంది.

రౌండ్ కావాలనుకున్నవాళ్ళు 12 దగ్గర 7 1/4, 6 దగ్గర 5 1/4, 3 దగ్గర 3 5/8, 1 దగ్గర 2 పెట్టి కొసని సున్నాకి కలపండి.

స్క్వాష్ మూలకి ముప్పావు నుంచి అంగుళం వ్యాసార్థం. ముప్పావు వ్యాసార్థం అంటే పది రూపాయల నాణెం కంటే పెద్ద వంపు. చిన్న గిన్నె అంచు పెట్టి గీసుకోండి.

పెంటకోట_అలలు

అక్కా, కోసేటప్పుడు గీత మీదే కోయాలా?

గీత_స్కేలు

వద్దు. గీతకి 1/8 అంగుళం బయట కోసి, మిగతాది 80 నంబరు ఎమెరీ కాగితం అంటించిన పొడుగు చెక్కతో రుద్దండి. రంపం నిలువుగా పోవాలి. కాస్త వాలినా పై గీత సరిగ్గా ఉండి అడుగు గీత పావంగుళం లోపలికి పోతుంది, అది తర్వాత ఎలా రుద్దినా రాదు. ఈపీఎస్‌ని మొండి బ్లేడుతో కోస్తే పూసలు పూసలుగా పెరుక్కొస్తాయి. నిక్రోమ్ తీగ (కరెంటుతో వేడెక్కి నురుగు కోసేది) ఉంటే మూలల దగ్గర ఆగకుండా ఒకే వేగంతో లాగండి. ఆగిన చోట గుంట పడుతుంది.

మందం కూడా చూసుకోండి. 12 అంగుళాల దగ్గర 1 5/8, కొస నుంచి 3 అంగుళాల దగ్గర అంగుళానికి తగ్గకూడదు. ఫిన్ను బాక్సు లోతు ముప్పావు. అంతకన్నా పలచన చేస్తే అరంగుళం లోతు బాక్సు వెతుక్కోవాలి.

బరంపురం_రెజిన్

ఇక్కడ అడగాల్సింది ఎవరూ అడగలేదు. ఆ ఈపీఎస్ సాంద్రత ఎంత? ప్యాకింగు తర్మాకోల్ అయితే తోక మీద మడమ పెట్టగానే లొత్త పడుతుంది. ఘనపు మీటరుకి 24 కిలోలు కనీసం ఉండాలి, 32 ఉంటే తోకకి ఇంకా మంచిది. కొట్టువాడి మాట నమ్మక్కర్లేదు, తూచుకోవచ్చు. మీటరు పొడవు, అరమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ముక్క 24 సాంద్రతకి 1 కిలో 200 గ్రాములు తూగాలి. 750 గ్రాములే తూగిందంటే అది 15 సాంద్రత సరుకు.

అన్నిటికన్నా ముఖ్యం. తెప్పలు, పడవలు చేసే ఎఫ్‌ఆర్‌పీ షెడ్డులో దొరికే రెజిన్ పాలిస్టర్. అందులో స్టైరీన్ ఉంటుంది. ఈపీఎస్ మీద పోశారంటే నురుగు కళ్ళముందే కరిగి గుంట అవుతుంది. గోపాల్‌పూర్ నుంచి బారువ దాకా ఏ ఊళ్ళో అయినా సులువుగా దొరికేది అదే కాబట్టి పదేపదే చెప్పాల్సొస్తోంది. ఈపీఎస్‌కి ఎపాక్సీ మాత్రమే. పీయూ (పాలీయూరిథేన్) నురుగు అయితే రెండూ పనికొస్తాయి.

పీయూ మీద పాలిస్టర్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక: తొందరగా గట్టిపడేలా చేసే ఊదా రంగు కోబాల్ట్‌నీ, గట్టిపరిచే ఎమ్‌ఈకేపీనీ ఒకదాంట్లో ఒకటి నేరుగా కలపకూడదు, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే ఎమ్‌ఈకేపీ. ఒకే స్పూను రెండింటికీ వాడొద్దు.

సోనాపూర్_కెరటం

ఎపాక్సీయే, అన్నా. బ్లాంకు తూచాను, 24కి దగ్గరే. గ్లాసు గుడ్డ 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) ఉంది. ఎంత రెజిన్ పడుతుంది? ఏ వేళప్పుడు పోయాలి?

బరంపురం_రెజిన్

గుడ్డ బరువుకి సమానంగా రెజిన్, పైన పది పదిహేను శాతం వృథా. ఈ బోర్డుకి ఒక పక్క, మడతలతో కలిపి, చదరపు మీటరుకి కాస్త తక్కువ. పైభాగం రెండు పొరలు అంటే 380 గ్రాముల గుడ్డ, 430 గ్రాముల దాకా రెజిన్. అడుగు ఒక పొర, తోక దగ్గర 14 అంగుళాల మేర ఇంకో ముక్క. హాట్ కోట్ (గుడ్డ మీద వేసే రెండో రెజిన్ పూత) పక్కకి 200 గ్రాములు. అంతా కలిపి కిలోన్నర దగ్గర పెట్టుకో. గుడ్డ వేసే ముందు ఈపీఎస్ పూసల సందులు మైక్రో బెలూన్ (సన్నటి బోలు గాజు పొడి) కలిపిన పలచటి ఎపాక్సీతో మూసెయ్యాలి, లేకపోతే సందులు రెజిన్‌ని తాగేసి బోర్డు బరువెక్కుతుంది.

వేళ విషయంలో రెండు ఒకదానికొకటి అడ్డం పడతాయి. పొద్దున పోస్తే వేడి పెరిగేకొద్దీ నురుగులో గాలి వ్యాకోచించి గుడ్డలోంచి బుడగలు బుడగలుగా వస్తుంది. కాబట్టి వేడి దిగేటప్పుడు, సాయంత్రం నాలుగున్నర తర్వాత పోయాలి. కానీ మనకి అదే వేళకి సముద్రపు గాలి తేమ మోసుకొస్తుంది. తడి గాలిలో ఎపాక్సీ మీద జిడ్డు పొర కడుతుంది, దాని మీద రెండో పూత అంటదు. అందుకని కిటికీలు మూసిన గదిలో పని. బ్లాంకుని మధ్యాహ్నమంతా ఎండలో కాదు, వెచ్చటి గదిలో ఉంచి తర్వాత చల్లటి గదికి తీసుకురావాలి. మర్నాడు రుద్దే ముందు మంచినీళ్ళు, స్పాంజితో కడిగి ఆరనివ్వాలి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డు కాగితం నిండా పట్టుకుంటుంది, బోర్డుకీ పూస్తుంది.

హార్డెనర్ డబ్బా మీద రాసినంతే, తూచి. తొందరగా ఆరుతుందని ఎక్కువ వెయ్యడం పాలిస్టర్ అలవాటు. ఎపాక్సీలో అది మిగిలిపోయి ఎప్పటికీ మెత్తగా ఉంటుంది. కలిపింది మగ్గులో ఉంచొద్దు, వెంటనే పళ్ళెంలో పల్చగా పొయ్యి. మగ్గులో నాలుగొందల గ్రాములు ఉంటే వేసవిలో పొగలు కక్కుతుంది.

గీత_స్కేలు

తోక మూల దగ్గర గుడ్డ మడత గురించి చెప్తాను, ఎక్కువ బోర్డులు చెడేది అక్కడే. గుడ్డకి గుండ్రం మీద నిలవడం తెలుసు, పదునైన మూల మీద తెలీదు. లేచి గాలి గూడు కడుతుంది. కాబట్టి రుద్దేటప్పుడే మూల అంచులకి 3 మిల్లీమీటర్ల గుండ్రం ఇవ్వండి. పైనుంచి కిందకి వేలాడే గుడ్డని 2 అంగుళాలు ఉంచి మిగతాది కోసెయ్యండి. మూలకి ఎదురుగా కత్తెరతో చీరి, మూలకి పావంగుళం ముందు ఆపండి. చీలిక పక్కన త్రికోణం ముక్క ఒకటి తీసెయ్యండి. ముందు రెండు పక్కల గుడ్డని అడుగుకి మడవండి, ఆఖరున వెనక రెక్కని వాటి మీదికి. అయిదు నిమిషాలాగి మళ్ళీ చూడండి. మూల లేస్తే వేలితో నొక్కితే మళ్ళీ లేస్తుంది, రబ్బరు గీకుడు పట్టీతో లోపలి నుంచి బయటికి ఒక్కసారి లాగితే కూర్చుంటుంది.

స్వాలో చేసేవాళ్ళు చీలిక లోపలి మొనని వీ ఆకారంలో వదలకండి, పెన్సిలు మందం గుండ్రం ఇవ్వండి. మొన పదునుగా ఉంటే బోర్డు వంగిన ప్రతిసారీ పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. లోపల ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీ, గుడ్డ నేతకి ఏటవాలుగా కోసింది, వెయ్యండి. ఏటవాలు పట్టీ వంపు మీద ముడత పడకుండా తిరుగుతుంది.

పదును అంచుకి: గుడ్డ ఆరాక అంచు బయట మాస్కింగు టేపుని 3 మిల్లీమీటర్లు పైకి నిలబెట్టి ఆనకట్ట కట్టండి. హాట్ కోట్ రెజిన్ అక్కడ నిండి గట్టిపడుతుంది. టేపు తీసి, గట్టి చెక్కతో అడుగు మట్టానికి రుద్దితే అంచు పదునుగా వస్తుంది. గుడ్డని రుద్ది పదును తేవొద్దు, పోగులు తెగి నీరు లోపలికి పోతుంది.

ఫిన్నుల_పంతులు

బాక్సులు దించే ముందు గీతలు ఒకసారి రాసి పెడుతున్నా. వెనక ఫిన్ను చివరి అంచు మూడున్నర. ముందు ఫిన్ల చివరి అంచు 11, పక్క అంచు నుంచి 1 1/4. ముందు ఫిన్ల ముక్కు స్ట్రింగరు వైపు పావంగుళం లోపలికి తిరగాలి. రెండు పక్కలా ఒకటే తిరుగుడు ఉందో లేదో కొలిచి చూడు, ఒక పక్క ఎక్కువైతే బోర్డు ఎప్పుడూ ఒక వైపుకే లాగుతుంది. బయటికి వాలు 6 డిగ్రీలు, వెనకది నిలువుగా. 24 సాంద్రత ఈపీఎస్‌లో బాక్సు చుట్టూ గట్టి నురుగు గానీ రెజిన్‌లో నూలు పీచు కలిపిన ముద్ద గానీ పెట్టు.

పెంటకోట_అలలు

ఎండ సంగతి కూడా. ఇసుకలో బోర్లా పెట్టి ఛాయ్‌కి పోవద్దు, ఈపీఎస్ వేడికి మెత్తబడుతుంది. మూసిన కారు వెనక సీటు ఇంకా ప్రమాదం. ఇంకోటి, తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో ఋషికుల్య మొగ వైపు రాత్రిళ్ళు లైట్లు వేసుకుని పోవద్దు.

సోనాపూర్_కెరటం

అందరికీ దండాలు. గుండ్రం మూలల స్క్వాష్, 14 3/4, మూడు ఫిన్లు, ఇదే ఖాయం. గీత గారి చుక్కలతో టెంప్లేట్ కోశాను. తొమ్మిది అంగుళాల దగ్గర బొడిపె వచ్చింది, మేకు కదిపితే పోయింది. ఇక లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) ప్లగ్ ఒక్కటే. తోక కొస నుంచి ఎంత?

బరంపురం_రెజిన్

రెండున్నర నుంచి మూడు మధ్య, స్ట్రింగరుకి ఆనించి ఒక పక్కకి. కప్పు లోతు అరంగుళం నుంచి 5/8, గుంత కాస్త పెద్దది చేసి రెజిన్ ముద్దలో కూర్చోబెట్టు. వెనక ఫిన్ను బాక్సు మూడున్నర నుంచే మొదలవుతుంది కాబట్టి ముందు దాని గుంత తియ్యి, ఆ తర్వాతే ప్లగ్ చోటు గుర్తుపెట్టు.

బారువ_తీరం

లీష్‌ని ప్లగ్‌కి కట్టే సన్న తాడు ముడి పొట్టిగా ఉండాల. తాడు తోక అంచు దాటి బయటికి రాకూడదు, అంచుకి తగిలేది లీష్ మొదట్లో ఉండే వెడల్పు పట్టీయే అవ్వాల. గోపాల్‌పూర్ ఒడ్డు కెరటం ఒక్కసారి లాగిందంటే సన్న తాడు నీ పదును అంచుని రంపంలా కోసీద్ది, గుడ్డ దాటి నురుగు దాకా.